రాతబల్ల డైరీ: ఒకే విండోలో వీడియో, టైపింగ్, పాత పుస్తకం

అసలు అవసరం

తెనాలిలో ఉండే మా మామయ్య తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఉత్సవాలప్పుడు తీసిన హరికథల వీడియో క్యాసెట్లని ఎవరో ఫైళ్ళుగా మార్పించి ఆయన చేతిలో పెట్టారు. వాటిని వింటూ, పాటా మాటా ఏదీ వదలకుండా తెలుగులో టైపు చేస్తున్నారాయన. వీడియో ఒక విండో, టైపింగ్ ఇంకో విండో, పద్యాలు సరిచూసుకోవడానికి స్కాన్ చేసిన పాత పుస్తకం మూడో విండో. ఒక చరణం వినాలంటే ఆ విండోలోకి వెళ్ళి ఆపాలి, ఈ విండోలోకి వచ్చి కొట్టాలి, సరిగ్గా వినపడకపోతే మళ్ళీ అటు. "ఒరేయ్, రాసేదానికన్నా కిటికీలు మార్చేదే ఎక్కువైంది. మూడూ ఒకేచోట కూర్చునేలా ఏమన్నా చెయ్యి" అన్నారు.

వీడియో ప్లేయర్ నేను కొత్తగా రాసే ఉద్దేశం లేదు. ఎమ్‌పీవీ ఉంది, ఆయనకి అలవాటైంది కూడా. పీడీఎఫ్‌కి జథురా ఉంది. ఈ రెంటినీ నా ప్రోగ్రామ్ విండోలోపల కూర్చోబెట్టి, టైపింగ్ బాక్స్ ఒక్కటి నేను రాస్తే చాలనుకున్నాను. పేరు రాతబల్ల. రాసింది పైథాన్ భాషలో, విండోలూ బటన్లూ గీసిపెట్టే క్యూటీ లైబ్రరీతో. మామయ్య మెషీన్‌లో లినక్స్ మింట్ సినమన్, అంటే కింద ఉన్నది ఎక్స్11, తెరమీద విండోలు, మీటలు, మౌస్ అన్నిటినీ చూసుకునే పాత వ్యవస్థ. ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథంతా ఎక్స్11 నియమాల మీదే నడుస్తుంది.

టైపింగ్ బాక్స్ గురించి ఒక్క మాట. మామయ్యకి రైస్ యూనివర్సిటీ రోజుల నాటి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి వేళ్ళకి పట్టేసింది. లినక్స్‌లో భాషల టైపింగ్ చూసే ఐబస్ జోలికి పోకుండా ఆ మార్పిడి బాక్స్‌లోనే రాసేశాను. ఆయన నొక్కేవి ఇంగ్లీషు మీటలు, పడేవి తెలుగు అక్షరాలు. ఈ వివరం తర్వాత అవసరమవుతుంది.

శనివారం: ముందు ఎక్స్‌టెర్మ్‌తో

ఎక్స్11లో ప్రతి విండోకీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు తెలిస్తే చాలు, అది ఎవరి విండో అయినా దానికింద ఇంకో ప్రోగ్రామ్ తన విండోని పెట్టుకోవచ్చు. సర్వర్, అంటే ఎక్స్11ని నడిపే ప్రోగ్రామ్, అడ్డు చెప్పదు. 1980ల నాటి డిజైన్, అందరూ అందరినీ నమ్మే రోజుల నాటిది.

లోపల పెట్టడానికి దారులు రెండు. ఒకటి, మన విండో నంబరు అవతలి ప్రోగ్రామ్‌కి ఇచ్చి "వచ్చి ఇందులో ఉండు" అనడం. రెండోది, అవతలి ప్రోగ్రామ్‌ని మామూలుగా తెరుచుకోనిచ్చి, దాని విండోని వెతికి పట్టుకుని, లాక్కొచ్చి మన కింద పడెయ్యడం. రెండోదానికి ఆ ప్రోగ్రామ్ సహకారం అక్కర్లేదు గానీ, మధ్యలో విండో మేనేజర్ ఉంటాడు. ఆయన అప్పటికే ఆ విండోకి చట్రం వేసి, టైటిల్ బార్ తగిలించి, టాస్క్‌బార్లో పేరు రాసుకుని ఉంటాడు. ఆయన చేతిలోంచి విడిపించకుండా లాగితే ఖాళీ చట్రం మిగిలిపోవడం, మెనూ ఒకచోట నొక్కితే ఇంకోచోట తెరుచుకోవడం లాంటివి చూడాలి. అందుకని మొదటే గీత గీసుకున్నాను: నంబరు తీసుకునే ఆప్షన్ ఉన్న ప్రోగ్రామ్‌లే లోపలికి.

అలాంటివి చాలానే ఉన్నాయి. కమాండ్లు కొట్టే టెర్మినల్ ఎక్స్‌టెర్మ్‌కి "ఇన్‌టూ" ఆప్షన్, ఎమ్‌పీవీకి "విడ్", ఎడిటర్లలో జీవిమ్‌కి "సాకెట్ఐడీ", ఈమాక్స్‌కి "పేరెంట్ ఐడీ", జథురాకి "రీపేరెంట్". అన్నిట్లోకీ సులువైనది ఎక్స్‌టెర్మ్ కాబట్టి దాంతో మొదలుపెట్టాను. క్యూటీలో ఒక ఖాళీ విడ్జెట్ (విండోలో ఒక భాగం), దాని విన్‌ఐడీ అడిగితే నంబరొచ్చింది, ఆ నంబరుతో ఎక్స్‌టెర్మ్‌ని లాంచ్ చేశాను. అంతే, టెర్మినల్ నా విండోలో కూర్చుంది. కోడ్ పట్టుమని పది లైన్లు కూడా లేదు.

విండో పెద్దది చేస్తే టెర్మినల్ మాత్రం ఎనభై అక్షరాల వెడల్పుతో మూలన అలాగే ఉండిపోయింది. నా విడ్జెట్ పెరిగినంత మాత్రాన ఎక్స్‌టెర్మ్ పెరగదు. అది నా పని.

ఆ సాయంత్రం: ఎమ్‌పీవీ

విడ్ ఆప్షన్‌తో ఎమ్‌పీవీని పిలిచాను. ఇది మర్యాదస్థురాలు. నేనిచ్చిన విండోలో నేరుగా బొమ్మ వెయ్యదు. దానికింద తన సొంత చైల్డ్ విండో తయారుచేసుకుని, నా విడ్జెట్‌ని పూర్తిగా కప్పేస్తుంది. నేను సైజు మారిస్తే అది గమనించి తనూ మారుతుంది. ఎక్స్‌టెర్మ్ దగ్గర రాయాల్సొచ్చిన రీసైజ్ కోడ్ ఇక్కడ అక్కర్లేకపోయింది.

క్యూటీ వైపు జాగ్రత్తలు రెండు. క్యూటీలో మామూలు విడ్జెట్లకి సొంత ఎక్స్11 విండో ఉండదు. మొత్తం కలిపి ఒకే పెద్ద విండో, దాని మీద క్యూటీయే అన్నీ గీస్తుంది. విన్‌ఐడీ అడగ్గానే ఆ విడ్జెట్‌కి నిజమైన విండో పుడుతుంది, దాంతోపాటు దాని పైవాళ్ళందరికీ కూడా పుట్టేస్తుంది. పైవాళ్ళకి వద్దని చెప్పే ఫ్లాగ్ ఒకటుంది, అది పెట్టాలి. రెండోది, ఈ నంబరు శాశ్వతం కాదు. విడ్జెట్‌ని ఒక లేఅవుట్ నుంచి ఇంకోదానికి మారిస్తే పాత విండోని చెరిపి కొత్తది చేసే అవకాశం ఉంది, అప్పుడు లోపలున్న ఎమ్‌పీవీ కూడా దాంతోపాటే పోతుంది. నంబరు మారినప్పుడు క్యూటీ ఒక ఈవెంట్ పంపుతుంది, అది చూసుకోవాలి. నేను వీడియోకి జాగా స్థిరంగా పెట్టేసి, విండో స్క్రీన్ మీదకి వచ్చాకే నంబరు అడుగుతున్నాను.

వీడియో మీద మూలన నడుస్తున్న సమయం చూపించాలని ఒక క్యూటీ లేబుల్ పెట్టాను. కనపడలేదు. పైకి తీసుకురమ్మని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు, ఎందుకంటే ఆ లేబుల్ పెద్ద విండో మీద గీసిన బొమ్మ మాత్రమే, ఎమ్‌పీవీది నిజమైన విండో. చైల్డ్ విండో ఎప్పుడూ పేరెంట్ గీతల పైనే ఉంటుంది. సమయం చూపించే పని ఎమ్‌పీవీకే అప్పగించాను. దానికి తెరమీద మాట రాసే కమాండ్ ఉంది.

తెనాలికి పంపాను

మొదటి వెర్షన్ మామయ్య మెషీన్‌లో పెట్టించాను. కాసేపటికి ఫోన్.

"ఒరేయ్ అబ్బాయ్, ఇందాకటి నుంచి కొడుతున్నా, అక్షరం పడటం లేదు. బొమ్మ మాత్రం ఆగుతోంది, నడుస్తోంది."

"మామయ్యా, మౌస్ పాయింటర్ ఎక్కడుంది?"

"అది ఎక్కడుంటే ఏంరా? నేను మౌసే ముట్టుకోవడం లేదు."

"ఒక్కసారి స్క్రీన్ మీద బాణం గుర్తు ఎక్కడుందో చూడండి."

"వీడియో మీదుంది. అయితే?"

"దాన్ని కిందకి, మీరు కొట్టే బాక్స్ మీదకి జరిపి కొట్టండి."

"...పడుతున్నాయి. ఇదేం విడ్డూరంరా!"

విడ్డూరమే గానీ, రాసిపెట్టుకున్న విడ్డూరం. ఎక్స్11లో కీబోర్డు ఫోకస్ ఒక విండోకి ఉందంటే, మీట నొక్కులు ఆ విండోకే పోతాయని కాదు. పాయింటర్ ఆ విండో లోపలి చైల్డ్ విండో మీద ఉంటే, ఆ చైల్డ్‌కి మీటలు వినే ఉద్దేశం ఉంటే, నొక్కు దానికే పోతుంది. ఫోకస్ రాతబల్ల పెద్ద విండోకి ఉంది. పాయింటర్ ఎమ్‌పీవీ మీద ఉంది. ఎమ్‌పీవీ ఆ పెద్ద విండో సంతానమే. కాబట్టి మీటలన్నీ ఎమ్‌పీవీ ఖాతాలోకి పోయాయి, టైపింగ్ బాక్స్‌కి కబురే అందలేదు. క్యూటీ, జీటీకే లాంటి విండో లైబ్రరీలు తమ విడ్జెట్ల మధ్య ఈ ఇబ్బంది రాకుండా చూసుకుంటాయి. పరాయి ప్రాసెస్ విండో లోపలికొచ్చినప్పుడు వాటి చేతిలో ఏమీ ఉండదు.

ఎమ్‌పీవీలో ప్రతి మీటకీ ఒక పని ఉంటుంది కాబట్టి మామయ్య చూసింది పూర్తి నాటకం. ఆర్‌టీఎస్‌లో "అమ్మ" కొడితే ఎమ్ రెండుసార్లు పడుతుంది: సౌండ్ పోతుంది, వస్తుంది. "మామ" అన్నా అంతే. "పాట" అంటే మొదటి పీకే వీడియో ఆగుతుంది. "లోకం" కొడితే ఎల్ నుంచి ఏబీ లూప్ (ఒక ముక్కనే మళ్ళీ మళ్ళీ ఆడించడం) మొదలు. ఇక ఎస్ నొక్కితే స్క్రీన్‌షాట్. "సీత", "సభ", "సరే" అన్న ప్రతిసారీ ఒక్కో బొమ్మ ఫోల్డర్‌లో పడింది. తర్వాత చూస్తే హరిదాసుగారు చిడతలెత్తిన భంగిమలు వరస నంబర్లతో. క్యూ నొక్కితే ఎమ్‌పీవీయే మూసుకుపోతుంది, తెలుగు టైపింగ్‌లో దాని అవసరం పెద్దగా రాదు కాబట్టి ఆయన దానిదాకా పోలేదు.

మందు ఎమ్‌పీవీలోనే ఉంది. దాని మాన్యువల్‌లో సరిగ్గా ఈ పరిస్థితినే వర్ణించి, ఇలా వేరే విండోలో పెట్టినప్పుడు వాడమని, విండో నుంచి వచ్చే కీబోర్డు ఇన్‌పుట్‌ని పూర్తిగా ఆపేసే ఆప్షన్ ఇచ్చారు. మౌస్‌కి ఇంకోటి. రెండూ "నో" పెట్టేశాను. ఎమ్‌పీవీ మీటలు వినడం మానేస్తే, నొక్కు పైకి, పేరెంట్ దగ్గరకి పోతుంది, అక్కడ క్యూటీ అందుకుంటుంది.

మరి ఆపడం, నడపడం ఎలా? ఎమ్‌పీవీ లాంచ్ చేసేటప్పుడే ఒక యునిక్స్ సాకెట్ పేరు, అంటే రెండు ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే గొట్టం పేరు, ఇవ్వొచ్చు. ఆ సాకెట్‌లోకి జేసన్‌లో ఒక్కో లైను రాస్తే ఒక్కో కమాండ్. ఎఫ్7 నొక్కితే మూడు సెకన్లు వెనక్కి, ఎఫ్8 ఆపు-నడుపు, ఎఫ్9 వేగం తగ్గించు. ఇవన్నీ రాతబల్ల షార్ట్‌కట్లు, అది అందుకుని సాకెట్‌లో రాస్తుంది. వీడియో ఎక్కడిదాకా వచ్చిందో గమనిస్తూ ఉండమని కూడా చెప్పొచ్చు, అప్పుడు ఎమ్‌పీవీయే కబురు పంపుతూ ఉంటుంది. ఆ సమయాన్ని ప్రతి పేరా ముందు గుర్తుగా వేస్తున్నాను. ఆ గుర్తు మీద నొక్కితే వీడియో అక్కడికి దూకుతుంది. మామయ్యకి బాగా నచ్చింది ఇదే, లోపల పెట్టడం కాదు.

ఇక్కడితో నాకు ఒక దారి స్పష్టమైంది. లోపలికి తెచ్చుకోవాల్సింది బొమ్మని మాత్రమే. మాట్లాడుకోవడం వేరే దారిన జరగాలి.

ఎవరు ముందు పోతే

ఇది చిన్న పనే, ఒక పూటలో అయిపోయింది. రాతబల్ల కూలిపోతే దాని విండో పోతుంది, దాంతోపాటు కిందున్న చైల్డ్ విండోలన్నీ పోతాయి. ఎమ్‌పీవీ తన విండో పోయిందని గమనించి తనంతట తనే ఆగిపోతుంది. వీడియో ప్లేయర్‌కి ఇది మంచిదే. అదే లోపల సేవ్ చెయ్యని ఫైలున్న ఎడిటర్ ఉంటే? దానికోసం ఎక్స్11లో సేవ్‌సెట్ అని ఒక ఏర్పాటుంది. లోపలికి తెచ్చిన పరాయి విండోని ఆ జాబితాలో రాసిపెడితే, మన ప్రోగ్రామ్ పోయినప్పుడు సర్వర్ ఆ విండోని చంపకుండా బయటకి, డెస్క్‌టాప్ మీదకి తీసి పెడుతుంది. విండో మేనేజర్లు చచ్చినా మన విండోలు బతకడానికి కారణం ఇదే. నాకిక్కడ అవసరం పడలేదు.

ఎమ్‌పీవీ ముందు పోతే నల్లటి ఖాళీ మిగులుతుంది. ప్రాసెస్ ముగిసిన సిగ్నల్ రాగానే, చివరిగా అందిన సమయం దగ్గరనుంచే మళ్ళీ లాంచ్ చేస్తున్నాను.

జథురా, ఖాళీ తెర

ఇప్పుడు పుస్తకం. ఎమ్‌పీవీకి ఇచ్చినట్టే జథురాకీ నంబరిచ్చాను. ఏమీ రాలేదు. ఎర్రర్ లేదు, ప్రాసెస్ నడుస్తోంది, బూడిదరంగు ఖాళీ విడ్జెట్.

ఇలాంటప్పుడు ఎక్స్‌విన్‌ఇన్‌ఫోని మించింది లేదు. రాతబల్ల విండో మీద దాన్ని ట్రీ ఆప్షన్‌తో నడిపితే లోపలున్న విండోలన్నీ వంశవృక్షంలా కనపడతాయి. చూస్తే జథురా విండో ఉంది, సరిగ్గా నా విడ్జెట్ కిందే ఉంది. దాని స్థితి మాత్రం "అన్‌మ్యాప్డ్". లోపలికొచ్చి, తెరమీద కనపడకుండా నిలబడి ఉంది. ఎవరో పిలుస్తారని చూస్తోంది.

అది చూస్తున్నది ఎక్స్‌ఎంబెడ్ పిలుపు కోసం. పరాయి విండోల్ని లోపల పెట్టేటప్పుడు ఇద్దరూ పాటించాల్సిన పద్ధతి ఇది. రాసినవాళ్ళు మథియాస్ ఎట్రిక్, ఓవెన్ టేలర్: ఒకరు కేడీఈ మొదలుపెట్టి క్యూటీ తయారుచేసిన ట్రోల్‌టెక్‌లో ఉన్నాయన, ఇంకొకరు రెడ్‌హ్యాట్‌లో జీటీకే చూసిన ఆయన. రెండు శిబిరాల వాళ్ళు కూర్చుని రాసుకున్న ఒడంబడిక. మూలన సిస్టమ్ ట్రేలో చిన్న చిన్న బొమ్మలుండేవి కదా, అవీ దీనిమీద నడిచినవే.

పద్ధతి ప్రకారం లోపలికొచ్చే విండో తన మీద ఒక ప్రాపర్టీ రాసుకుంటుంది. అందులో రెండే అంకెలు: ఒకటి వెర్షన్, రెండోది "నన్ను చూపించు" అనే ఫ్లాగ్. అది చూసి ఆతిథ్యం ఇచ్చేవాడే విండోని మ్యాప్ చెయ్యాలి, అంటే తెరమీద చూపించాలి. జథురా జీటీకే3లోని ప్లగ్ వాడుతుంది, అది ఈ మర్యాదని అక్షరాలా పాటిస్తుంది: తనంతట తను తెరమీదకి రాదు, ఫ్లాగ్ ఎత్తి ఊరుకుంటుంది. ఎమ్‌పీవీ, ఎక్స్‌టెర్మ్ ఆ ఫ్లాగ్ ఎవరైనా చూస్తారా అని ఆగవు కాబట్టి వాటితో ఈ చిక్కు రాలేదు.

మరి క్యూటీ ఆ పిలుపు ఎందుకు పిలవలేదు? క్యూటీ 4లో దీనికోసమే ఒక కంటెయినర్ విడ్జెట్ ఉండేది. క్యూటీ 5లో తీసేశారు. దాని బదులు పరాయి విండోని విడ్జెట్‌లా చుట్టిపెట్టే ఫంక్షన్ ఇచ్చారు, అది విండోని కూర్చోబెడుతుంది గానీ ఎక్స్‌ఎంబెడ్ మాటలు మాట్లాడదు. జీటీకే వైపూ అంతే: ఆతిథ్యమిచ్చే సాకెట్, లోపలికొచ్చే ప్లగ్ రెండూ జీటీకే4లో లేవు.

సరే, మాట్లాడేది నేనే రాస్తానని కూర్చున్నాను. ఎక్స్11తో నేరుగా మాట్లాడే పైథాన్ ఎక్స్‌లిబ్‌తో సర్వర్‌కి ఇంకో కనెక్షన్ తెరిచి, నా విడ్జెట్ కింద ఏ విండో పుట్టినా చెప్పమన్నాను. పుట్టగానే దాని ప్రాపర్టీ చదవడం. తర్వాత ఒక క్లయింట్ మెసేజ్ పంపడం. అందులో ముప్ఫైరెండు బిట్ల అంకెలు ఐదు: సమయం, మెసేజ్ నంబరు, వివరం, ఇంకో రెండు గడులు. "నిన్ను లోపల పెట్టుకున్నాను" అనే మెసేజ్ నంబరు సున్నా, నాలుగో గడిలో నా విండో నంబరు. పంపి, విడ్జెట్ అంత సైజు చేసి, మ్యాప్ చేశాను. పుస్తకం ప్రత్యక్షం. రీసైజ్ అయినప్పుడల్లా మళ్ళీ సైజు నేనే చెప్పాలి, జథురా ఎమ్‌పీవీలా గమనించుకోదు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పాయింటర్ పుస్తకం మీద ఉంచి టైపు చేస్తే అక్షరాలు పుస్తకంలోకి పోతున్నాయి. మళ్ళీ అదే జబ్బు. జథురాలో మీటలకి కేటాయించిన పనులన్నీ కాన్ఫిగ్ ఫైల్‌లో తీసెయ్యొచ్చు. పేజీ మార్చడానికి డీబస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే దారి) కూడా ఉంది, ఫలానా పేజీకి పో అంటే పోతుంది. కానీ పనులు తీసేసినంత మాత్రాన అక్షరం నా బాక్స్‌కి రాదు కదా. జథురా దాన్ని అందుకుని, ఏమీ చెయ్యకుండా పారేస్తుంది. వినడమే మానెయ్యమని చెప్పే ఎమ్‌పీవీ లాంటి ఆప్షన్ దీనికి లేదు. ఒక విండో మీద ఏ ప్రోగ్రామ్ ఏ ఈవెంట్లు వింటుందో ఆ ప్రోగ్రామే నిర్ణయించుకోవాలి, బయటివాళ్ళు మార్చడానికి సర్వర్ ఒప్పుకోదు.

ఎక్స్‌ఎంబెడ్‌లో దీనికి జవాబు ఉంది. అసలు ఫోకస్‌ని పెద్ద విండోకి కాకుండా, దానికింద కంటికి కనపడని ఒక బుల్లి విండోకి ఇవ్వాలి. పుస్తకం విండో దాని సంతానం కాదు కాబట్టి పాయింటర్ ఎక్కడున్నా నొక్కులు బుల్లి విండోకే వస్తాయి. అక్కడినుంచి ఎవరికి చేరాలో వాళ్ళకి మనమే మళ్ళీ పంపాలి. జీటీకే అలా పంపినవి తీసుకుంటుంది. ఎక్స్‌టెర్మ్ అయితే ఇంకో ప్రోగ్రామ్ పంపిన నొక్కుల్ని మామూలుగా నమ్మదు, భద్రత కోసం పక్కన పడేస్తుంది. అది న్యాయమే, లేకపోతే ఎవరైనా నా టెర్మినల్లో కమాండ్లు కొట్టేస్తారు. ఈ ఏర్పాటంతా క్యూటీ ఫోకస్ లెక్కల కింద దూరి రాయాలి. క్యూటీ వెర్షన్ మారినప్పుడల్లా మళ్ళీ చూసుకోవాలి. పుస్తకం పేజీ చూపించడానికి ఇంత అవసరమా అనిపించింది.

అవసరం లేదు. క్యూటీలోనే పీడీఎఫ్ చూపించే విడ్జెట్ ఉంది. జథురాని తీసేసి దాన్ని పెట్టాను. ఒకే ప్రాసెస్, పరాయి విండో లేదు, ఫోకస్ గొడవ లేదు. జథురాలో ఉన్న సౌకర్యాలు కొన్ని పోయాయి. మామయ్య వాడేది పేజీ తిప్పడం, పెద్దది చెయ్యడం మాత్రమే. ఎక్స్‌ఎంబెడ్ కోడ్ ఒక ఫైల్‌లో దాచిపెట్టుకున్నాను, పనికొస్తుందని కాదు, అంత కష్టపడి నేర్చుకున్నాక పారెయ్యడానికి మనసొప్పక.

నా ల్యాప్‌టాప్‌లో

తెనాలిలో నడుస్తున్నది నా ల్యాప్‌టాప్‌లో నడవదు. నాది ఉబుంటు, 21.04 నుంచి అందులో మామూలుగా వచ్చేది ఎక్స్11 బదులు వచ్చిన కొత్త వ్యవస్థ, వేలాండ్. అక్కడ రాతబల్ల తెరిస్తే వీడియో వేరే విండోలో లేచింది, లోపల ఖాళీ.

వేలాండ్‌లో ఇది దోషం కాదు, ఉద్దేశం. ఒక ప్రోగ్రామ్‌కి ఇంకో ప్రోగ్రామ్ విండో ఉన్నట్టు తెలియడమే ఉండదు. అందరికీ చెల్లే విండో నంబర్లు లేవు. ఒక విండోలో ఇంకో చిన్న తలాన్ని పెట్టే సబ్‌సర్ఫేస్ ఉంది గానీ రెండూ ఒకే ప్రోగ్రామ్‌వి అయి ఉండాలి. ఎక్స్‌డీజీ ఫారిన్ అని ఒక ప్రోటోకాల్ ఉంది, పేరు చూసి ఆశపడ్డాను. అది పరాయి ప్రోగ్రామ్ డైలాగ్ మన విండో పైన నిలబడటానికి మాత్రమే, లోపల కూర్చోవడానికి కాదు. అడ్డంకులన్నీ పెట్టింది ఎందుకో శనివారం నాటి ప్రయోగమే చెబుతుంది: నంబరు తెలిస్తే చాలు ఎవరి విండోలోకైనా దూరొచ్చన్న పద్ధతిలో ఎవరి మీటలైనా ఎవరైనా వినొచ్చు.

తాత్కాలికంగా రెండింటినీ, వేలాండ్‌లో ఎక్స్11 ప్రోగ్రామ్‌ల్ని నడిపే ఎక్స్‌వేలాండ్ మీద నడిపాను. క్యూటీని ఎక్స్11 వైపుది అయిన ఎక్స్‌సీబీ వాడమని ఎన్విరాన్‌మెంట్‌లో చెప్పడం, ఎమ్‌పీవీని లాంచ్ చేసేటప్పుడు దాని ఎన్విరాన్‌మెంట్‌లోంచి వేలాండ్ డిస్‌ప్లే పేరు తీసెయ్యడం. అది కనపడకపోతే ఎమ్‌పీవీ ఎక్స్11 వైపు తిరుగుతుంది. నడిచింది. స్క్రీన్ స్కేల్ నూట పాతిక శాతం పెట్టుకున్నందుకు తెలుగు అక్షరాలు కాస్త మసకబారాయి. ఒత్తులు, గుణింతాలు చూసుకుంటూ టైపు చేసేవాళ్ళకి ఇది కుదరదు.

బెంగుళూరు బావ విండోస్‌లో నడుస్తుందా అని అడిగాడు. ఎమ్‌పీవీ విడ్ అక్కడా పనిచేస్తుంది, విండో హ్యాండిల్ ఇవ్వాలి. పరాయి విండోని లాగాలంటే సెట్‌పేరెంట్ అనే ఫంక్షన్ ఉంది, దానికి ముందు విండో స్టైల్‌లో పాపప్ తీసి చైల్డ్ పెట్టాలి. అలా కలిపిన రెండు ప్రోగ్రామ్‌ల ఇన్‌పుట్ వరసలు కూడా కలిసిపోతాయి కాబట్టి ఒకటి బిగుసుకుంటే రెండోదీ బిగుసుకుంటుంది. రెండూ డీపీఐని (స్క్రీన్ చుక్కల సాంద్రతని) వేర్వేరుగా లెక్కేసేవైతే ఏం జరుగుతుందో చెప్పలేమని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటే హెచ్చరిస్తుంది. "తర్వాత చూద్దాం బావా" అన్నాను.

ఇప్పుడు ఎక్కడుంది

పీడీఎఫ్‌కి చేసిందే వీడియోకీ చేస్తున్నాను. ఎమ్‌పీవీకి లైబ్రరీ రూపం ఉంది, లిబ్‌ఎమ్‌పీవీ. దాని రెండర్ ఏపీఐ వాడితే అది విండో అడగదు. క్యూటీ ఓపెన్‌జీఎల్ విడ్జెట్ ఇచ్చిన చోట ఫ్రేమ్ గీసి పెడుతుంది. అప్పుడు ఎక్స్11, వేలాండ్ తేడా లేదు, లేబుల్ వీడియో మీద నిలబడుతుంది, పాయింటర్ ఎక్కడున్నా మీటలు నా చేతిలోనే.

మొదలుపెట్టగానే లిబ్‌ఎమ్‌పీవీ లేవనంది. అంకెల లొకేల్ (దేశం, భాషని బట్టి అంకెలు రాసే తీరు) "సీ" కాకపోతే అది ఒప్పుకోదు, క్యూటీ ఏమో లేస్తూనే సిస్టమ్ లొకేల్ పెట్టేస్తుంది. మన తెలుగు లొకేల్‌లోనూ దశాంశానికి చుక్కే వాడతాం, అయినా అది చూసేది చుక్కని కాదు, పేరుని. క్యూటీ లేచాక, లిబ్‌ఎమ్‌పీవీ లేవకముందు ఆ ఒక్క వర్గాన్ని "సీ"కి మార్చాలి. వేరే ప్రాసెస్‌గా నడిపినన్నాళ్ళూ ఇలాంటివి తెలియలేదు. అలాగే, వేరే ప్రాసెస్ కూలితే మళ్ళీ లాంచ్ చేసేవాణ్ణి, ఇప్పుడు పాడైన వీడియో ఫైల్ దేనిమీదైనా లైబ్రరీ కూలితే మామయ్య టైపు చేస్తున్నదంతా దాంతోపాటే పోతుంది. అందుకని ముందు ప్రతి కొన్ని సెకన్లకీ సేవ్ అయ్యేలా చేసి, ఆ తర్వాతే ఈ మార్పులోకి దిగాను.

తెనాలిలో ప్రస్తుతానికి పాత వెర్షనే, విడ్, సాకెట్‌లతో. అది బాగానే నడుస్తోంది, కదపను. కొత్తది నా దగ్గర వేలాండ్‌లో నడుస్తోంది, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. మిగిలింది మామయ్య పాత మెషీన్ గ్రాఫిక్స్ దీన్ని లాగుతుందో లేదో చూడటం. క్యాసెట్ల నుంచి వచ్చినవి కాబట్టి బొమ్మ 576 లైన్లే, బరువు తక్కువ. కాకపోతే అవి ఒక లైను విడిచి ఒక లైను వేసే పాత టీవీ పద్ధతివి, చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళలా చారలొస్తున్నాయి. ఎమ్‌పీవీలో డీ నొక్కితే ఆ చారలు పోతాయి. మీటలన్నీ ఆపేశాం కాబట్టి ఆ చారలు తీసే డీఇంటర్‌లేస్‌ని మొదట్లోనే ఆన్ చేసి పంపాలి. ఈ వారం పని అది.